ఎడమచేతి గాజులు

పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం కార్తీక మాసం. జువ్వలదిన్నె పట్టపుపాళెంలో నాగులమ్మ ఇంటి పంచన గాజుల జమాల్‌బీ గాజులు గుచ్చిన మలారం దించి కూర్చుంది. నాగులమ్మ కుడిచెయ్యి మాత్రం కొంగు కిందనే ఉంది.

"ఆ చెయ్యి ఇటియ్యి నాగులూ. ఎడమది తర్వాత చూద్దాం."

"ఎడమదే ముందు వెయ్యక్కా. కుడిది అలిగుండాది."

"అలిగిందా? ఎవురి మీద?"

"నా మీదే. ఇన్నేళ్ళూ దాంతో చేపలు తోమించినానని."

"కొంగు తియ్యమ్మే. పెళ్ళికూతురప్పటి నుంచి నీ చెయ్యి పిసికినదాన్ని, నాకాడ దాపరికమేంది? తియ్యి... యా అల్లా. ఏందిది? ఇందులో మణికట్టు యాడుండాది?"

"లోపల్నే వుండాదిలే. సొరకాయలో గింజ మాదిరి."

"బొటనవేలు చూడు, ఉడకబెట్టిన గెనుసుగడ్డ అయిపోయింది. ఏం కుట్టింది?"

"ఏం కుట్టలా. అందరూ జెల్లముల్లు గుచ్చిందన్నారు. మా మావ అయితే ఏ జెల్లో చెప్పు, దాన్ని పట్టుకొచ్చి పులుసు పెట్టిస్తానన్నాడు. ఏదో ఒక జెల్ల పేరు చెప్పేస్తే పులుసన్నా దక్కుద్దని నేనూ అనుకున్నా. సున్నం పూసినారు, పసుపు పూసినారు, తగ్గలా. అప్పుడు బెణుకన్నారు. పుత్తూరు దాకా తీసకపోయి కట్టు కట్టించినాడు. అమాస వొచ్చేతలికి వాపు కట్టునే మింగేసింది."

"మరి డాకటరు?"

"నెల్లూరు పోయినాం. అక్కడ నా చేతికి ఫొటో తీసినారు. ఆ చేత్తోనే మొహం గూడా తియ్యి బాబూ అంటే ఆయన నవ్వలా. జన్మకి ఒక ఫొటో తీయించుకుంటే అందులో ఎముకలు పడినాయి."

"ఏం కనిపించినాయంట?"

"బొక్కలు. చెదలు తిన్న తెడ్డు చూసినావా, అట్టా. ఆ ఫొటో చూసి ఆయన, చేత్తో పనిలేదు, రొమ్ము చూపించమన్నాడు."

"థూ. చెయ్యి నొప్పంటే రొమ్ము చూపించమంటాడా?"

"నేనూ అదే అన్నా. నీకు అక్కచెల్లెళ్ళు లేరా అని గూడా అన్నా. ఆనక నర్సమ్మ తలుపేసి తనే చూసింది. గడ్డ వుండాది గదక్కా. రెండేళ్ళుగా వుండాది."

"రెండేళ్ళా. ఎవురికీ చెప్పలా నువ్వు?"

"చెయ్యయితే వూరంతటికీ చూపించినా. గడ్డ ఎవురికి చూపించేది? నొప్పి గూడా లేకపాయె. రాచపుండంట. అక్కడ పుట్టి, ఎముకలెంబడి నడిచి నడిచి చేతి దాకా వొచ్చిందంట. చేతిలోకి దిగడం వెయ్యిమందిలో ఒకరికి గూడా వుండదని డాకటరే వింతపోయినాడు. చూసినావా, రోగంలో గూడా నేను అందరి మాదిరి గాదు."

"నవ్వబాకమ్మే. ఇప్పుడేం చేస్తారంట?"

"మద్రాసు పొమ్మన్నారు. ముంజేతి కాడికి తీసేస్తారంట. నొప్పి తగ్గుద్దంట."

"తీసేస్తే బాగవుద్దా?"

"ఆ ఎర్రవి బాగుండాయే. ఇట్టియ్యి చూద్దాం."

"నాగులూ. బాగవుద్దా అని అడిగినా."

"ఎర్రవి బాగుండాయని నేనూ చెప్పినా."

"...మీ మావ గంగులయ్యకి తెలుసా?"

"చెయ్యి తీస్తారని తెలుసు. అంతే తెలుసు. ఆ మాత్రానికే పడవెక్కడం మానేసినాడు. ఫొటో తీసేటప్పుడు గాజులడ్డమని కుడిచేతివి పగలగొట్టినారు గదా. మొగుడు నీళ్ళ మీద వుండంగా పెళ్ళాం చెయ్యి బోసిగా వుండకూడదు మా పట్టపోళ్ళలో. అదిగో ఇసకలో కూచోని చుట్ట మీద చుట్ట కాలుస్తా సముద్రంతో పోట్లాడతన్నాడు. ఇంట్లో చూస్తే పొయ్యిలో పిల్లి లేవడంలా."

"అయితే మాత్రం ఈ చేతికి ఎట్టా ఎక్కిచ్చేది? నాకాడ వుండే పెద్ద సైజు గూడా నీ వేళ్ళకాడే ఆగిపోద్ది."

"చూద్దాంలే, తొందరేముంది. ఏదన్నా కబురు చెప్పు. చెయ్యి పట్టుకుంటే మనిషిని చెప్పేస్తావంట గదా నువ్వు."

"చెప్తా. మొహం అబద్ధమాడుద్ది. గాజు ఎక్కేటప్పుడు చెయ్యి ఆడలేదు."

"అయితే మొగుడితో తెగతెంపులు చేసుకొచ్చిన పుష్పకుమారి వుండాదే, దాని చెయ్యెట్టుంటాది?"

"వెన్నముద్ద. గాజు చూపిస్తే చాలు, తనకి తానే ఎక్కుద్ది. కానీ ఎక్కినంతసేపూ కుయ్యో మొర్రో అని వీధంతా లేపుద్ది."

"గాజుకే ఏడిస్తే గాలివాన నాడు ఏం చేస్తది. వొద్దులే."

"ఏంది వొద్దు? పుష్పకుమారికీ గాలివానకీ ఏంది సంబంధం?"

"వూరికే అన్నా. మరి హజరత్తయ్య చెల్లెలు?"

"దాని పిడికిలి దేవుడొచ్చినా విప్పదు. పిల్లికి బిచ్చం పెట్టదు. నీకెందుకమ్మే ఇయ్యన్నీ?"

"చెయ్యి పోయేదాన్ని, నలుగురి చేతుల సంగతి తెలుసుకోబళ్ళా? మస్తానమ్మ?"

"పాపం, దానికిప్పుడు గాజులెక్కడివి? మొగుణ్ణి సముద్రం తీసకపోయినాక ఆ బోసి చేతులు చూడలేక ఆ సందులోకే పోవడం మానుకున్నా. వేసిన రోజుల్లో మాత్రం, నిజం చెప్పాలంటే, అచ్చం నీ చెయ్యే. గట్టి ఎముక. వేళ్ళకి వలతాడు కాయలు. ఎంత నొక్కినా అబ్బా అనదు, పైగా నీ చేతికంటే జెల్లముల్లు నయమని నన్నే ఎకసెక్కెమాడుద్ది."

"నవ్విస్తాదన్నమాట."

"నీ అంత కాదులే."

"నా అంత ఎవురూ వొద్దు. సైజు?"

"రెండున్నర. వాపు రాకముందు నీదీ అదే. ఇదిగో, గంగులయ్య వొస్తన్నాడు. కొంగు సర్దుకో."

"రానియ్యి. ఎడమచేతికి ఇంకా ఎక్కించు. ఆపబాక."

"ఏమే, ఎక్కినాయా లేదా? కుడిచేతికి ఎక్కకపోతే పడవ తియ్యనని ముందే చెప్పినా."

"ఎక్కలా మావా. అందుకని రెండు చేతులవీ ఎడమచేతికే వేయించుకున్నా. చూడు, మోచేతిని ముట్టుకుంటన్నాయి."

"అదెట్టా కుదురుద్దే?"

"సముద్రం నా చేతులెంచుద్దా? దానికి గాజుల చప్పుడు వినబడితే చాలు. ఇదిగో విను."

"జమాలక్కా, నువ్వు చెప్పు. కుదురుద్దా?"

"నన్నడుగుతావేంది గంగులయ్యా. మేం సాయిబులం, మీ సముద్రం సంగతి నాకేం తెలుసు? గాజయితే ఏ చేతికేసినా గాజే."

"అట్టా కాదక్కా. పడవకి తెడ్లన్నీ ఒక పక్కే వేస్తే ముందుకి పోద్దా? గుండ్రంగా తిరుగుద్ది."

"తిరుగు మావా. నా చుట్టూనే గదా తిరిగేది."

"సిగ్గులేదే నీకు, అక్క ముందర."

"సిగ్గు కుడిచేతిలో వుండె, వాపులో కలిసిపోయింది. పో, గాలి మళ్ళకముందే పడవ తియ్యి."

"సరే, పోతన్నా. గంజేది?"

"ముంతలో వుండాది. ఉప్పు లేదని అరవబాక. కుడి వేళ్ళు మడవడంలా, ఎడమచేత్తో ఉప్పు ముడితే మీ అమ్మ పైనుంచి తిడతది."

"చప్పిడి గంజికి నాలిక చెక్కబారిపోయిందే."

"అంత సముద్రం పక్కన పెట్టుకోని ఉప్పుకి ఏడుస్తావేంది? దోసెడు కలుపుకో."

"నీ నోటికి రోగం రాదు గదా. పోతన్నా జమాలక్కా."

"పోయి రా నాయనా."

"...చూడక్కా. నిజంగా పోయినాడా?"

"పోయినాడు. నలుగుర్నీ కేకేసి పడవ తోస్తన్నాడు. నీ మాటకి సముద్రమే నవ్వుకోనుంటది. ఇంక నేనూ లేస్తా. అవునూ, ఈ ఎర్ర గాజులు పక్కన పెట్టినావేంది? రెండున్నరవి. నీ ఎడమచేతిలో జాగా లేదు, కుడిదానికి ఎక్కవే."

"నాకు గాదు. మస్తానమ్మకియ్యి."

"మతి పోయిందా? మొగుడు పోయినదానికి గాజులు పంపితే ఏమర్థమో నాకన్నా నీకే బాగా తెలుసు."

"తెలుసు. మారుమనువు అడిగినట్టు."

"ఎవురికని అడిగేది... నాగులూ. ఇందాకట్నుంచి దాని చెయ్యెట్టుంటది, దీని చెయ్యెట్టుంటది అని నువ్వు..."

"ఏడవబాకక్కా. నీ కంట్లో నీళ్ళు పడితే గాజులు మసకబారతాయి. ఇప్పుడే వేసుకోమనబాక. నేనుండంగా దాచుకోమను. మా మావకి తెలియనియ్యబాక, మళ్ళా పడవ దిగేస్తాడు."

"అది వొద్దంటే?"

"వొద్దంటాది. మంచి మనిషయినాక అనాల గదా. అన్నాక పోట్లాడబాక. గాజులు ఆడ పెట్టి, ఇంకొక్క మాట చెప్పి వొచ్చెయ్యి."

"ఏమని చెప్పేది తల్లీ?"

"ఆయన గంజిలోకి ఉప్పు రెండు వేళ్ళతో గాదు, మూడు వేళ్ళతో తియ్యాలని."