తడి తువ్వాలు

సినిమా హాలు పైగదిలో ప్రొజెక్టర్ ఆపరేటర్ తన సంచి సర్దుకుంటున్నాడు. మేనేజర్ చేతిలో పేపరుతో ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఎక్కడికోయ్ ప్రయాణం?"

"మీరు పొమ్మనేలోపు నేనే పోదామనండీ. నిన్న వానలో తడిసొచ్చి తల తుడుచుకుని, ఆ తువ్వాలు ప్రొజెక్టర్ ముందున్న అద్దం మీద ఆరేసి మర్చిపోయాను. గంటన్నరసేపు తెర మీద మసక తప్ప ఏమీ కనపడలేదు."

"మరి జనం గోల చెయ్యలేదేం?"

"వింత సినిమాల ఉత్సవం కదండీ! ఇదీ ఇంతే కాబోలనుకుని నోరు మూసుకుని చూశారు."

"ఇది విను. 'ఈ ఏడాది తప్పక చూడాల్సిన వింత చిత్రం. ఆ మసకలో మన బతుకే కనిపించింది.'"

"అయ్యబాబోయ్! డైరెక్టరుగారు నన్ను నమిలి మింగేస్తారు."

"ఆయనా? ఆ మసక కోసం ఆరేళ్లు తపస్సు చేశానని పొద్దున్నే పేపరువాళ్లకి చెప్పేశాడు. రాబోయే సినిమా అయితే మొదటి నుంచి చివరి దాకా మసకేనట. ఇంతకీ తువ్వాలేదీ?"

"సంచిలో ఉందండీ. ఆరిపోయింది."

"మళ్లీ తడుపు. సాయంత్రం ఆటకి టికెట్లన్నీ అయిపోయాయి."

"అలాగేనండీ. కానీ చివర్లో గుర్తొచ్చి తీసేశాను కదా, ఆఖరి పది నిమిషాలూ బొమ్మ అద్దంలా పడింది. దాని గురించి ఏం రాశారండీ?"

"సినిమా మొత్తంలో అదొక్కటే బాగోలేదన్నారు. అంతా అర్థమైపోయిందట."