వెనక పేజీల్లో మా అన్న

తూరుపు గాలీ తిరిగిందమ్మా
తెరచాపెత్తీ వస్తాడమ్మా
ఉప్పూచేపా కాల్చమ్మా...

ఆ... ఉప్పూచేపా కాల్చమ్మా... తర్వాత ఏదో ఉందే. వాకిట్లో చాప వెయ్యమనో ఏదో వస్తుంది. పోయింది. మా వదినకి మొత్తం వచ్చు. వచ్చేది.

ఏంటే, ఎక్కుతుందా నీ ఫోన్లో? ఆ ఎర్రచుక్క వెలుగుతుంటే ఎక్కుతున్నట్టేనా? సరే. పోయినేడు నేను ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరిగానో చెప్పమన్నావు గదా. మీ అమ్మ సగం చెప్పే ఉంటుంది. మీ అమ్మ ఏదైనా సగమే చెబుతుంది.

నువ్వు దీవి అమ్మమ్మా అని పిలిచేదానివే, ఆవిడ నాకు వదిన. నాంచారమ్మ. అడవులదీవిలో మా అన్న కోటయ్య పెళ్ళాం. వాళ్ళ పెళ్ళినాటికి నేను ఇంత పిల్లని. ఆడపడుచుని గదా, గుమ్మానికి అడ్డం నిలబడి కొత్త పెళ్ళికూతురికి బొట్టు పెట్టి, మొగుడి పేరు చెబితేగానీ లోపలికి రానివ్వనన్నాను. చాలాసేపు నిలబెట్టాను పాపం. చివరికి నేలకేసి చూసి, "నేనూ కోటయ్యా వచ్చాం" అంది. ఆవిడ నోట మా అన్న పేరు వినడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ తర్వాత ఎప్పుడూ "మీ అన్న" అనడమే.

మా అన్నకి ఒకసారి విడవని జ్వరం వచ్చింది. మా వదిన అమ్మవారికి మొక్కుకుని ఆయన మొలతాడుకి రెండు చిల్లు కానీలు కట్టింది. చిల్లు కానీ నీకేం తెలుసు, మధ్యలో బెజ్జం ఉండే రాగి డబ్బు, అప్పటికే చెల్లకుండా పోయింది. చంటిపిల్లలకి కట్టేవాళ్ళు. మీసాలొచ్చిన మగాడికి కడితే ఎలా ఉంటుంది? వల లాగేటప్పుడు అవి గలగలమంటే తోటివాళ్ళంతా "పాపాయొచ్చాడు, పాలు పట్టండిరా" అని ఏడిపించేవాళ్ళు. తీసేస్తానని ఇంట్లో రోజూ గొడవే. మా వదిన తియ్యనిచ్చేది కాదు.

తర్వాత ఒక ముసురులో ముగ్గురు పడవేసుకుని వెళ్ళారు. ఇద్దరు చెక్క పట్టుకుని ఒడ్డున పడ్డారు. మా అన్న రాలేదు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు.

మా వాళ్ళలో ఏంటంటే, శవం చూడకపోతే ఆడదాని బొట్టు తియ్యరు. పన్నెండేళ్ళు చూస్తారు. అప్పుడు దర్భలతో బొమ్మ చేసి, దాన్ని కాల్చి, కర్మ చేస్తారు. ఆ గడువు కాగానే పెద్దలొచ్చారు. మా వదిన వాళ్ళకి చాప వేసి, "బొమ్మని కాల్చాక మనిషొస్తే మీరు ఏం చెబుతారు బాబాయ్? కూర్చోండి, టీ పెడతా" అంది. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. అంతే, మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పిల్లాజెల్లా లేరు. ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళూళ్ళూ తిరిగి బతికింది, బొట్టుతోనే.

పోయినేడు మంచాన పడింది. రేపల్లె డాక్టరు ఏం తినాలనిపిస్తే అది పెట్టమన్నాడు. "అంటే ఏంటే?" అంది నన్ను. "నయమవుతుందని వదినా" అన్నాను. "నీకు అబద్ధం ఎప్పుడూ రాదు" అంది.

ఇక వసారాలో మా పెద్దమనుషులు మొదలుపెట్టారు. పుణ్యస్త్రీగా పసుపు కుంకుమలతో పంపాలా, లేకపోతే ముందే బొట్టు తీసి తెల్లచీరలో పంపాలా అని. ఆవిడ లోపల బతికుండగానే! వినపడదనుకున్నారు. ఆవిడకి కళ్ళు ఆనవుగానీ చెవులు పాము చెవులు. నన్ను దగ్గరికి పిలిచి, "నా చీర సంగతి వాళ్ళు తేల్చేదేంటి? నువ్వు చదువుకున్నదానివి. పోయి చూసిరా. గవర్నమెంటోళ్ళు రాసుకోకుండా ఎవర్నీ పూడ్చరు. ఎక్కడో రాసే ఉంటారు మీ అన్నని" అంది.

నా చదువు నీకు తెలుసుగా. తెనాలిలో చేపల మార్కెట్టుకొచ్చిన కొత్తలో, రొయ్యల బుట్టతో రేపల్లె బస్సనుకుని పొన్నూరు బస్సెక్కాను. రొయ్యలు కుళ్ళాయి, మీ తాతయ్య చేత తిట్లు తిన్నాను. ఆ రోజు పట్టుదల వచ్చింది. మీ అమ్మ ఒకటో తరగతి పుస్తకం దాని పక్కన కూర్చుని నేనూ దిద్దాను. నాకు ముందు వచ్చిన మాటలు అమ్మా ఆవూ కాదు, తెనాలి, రేపల్లె, బాపట్ల. బస్సు బోర్డులు. ఇప్పటికీ వేలు పెట్టే చదువుతాను. కానీ మా వదిన దృష్టిలో నేను కలెక్టర్ని.

సరే, రేపల్లె వెళ్ళాను. అంత పాత పుస్తకాలు మా దగ్గరుండవు మామ్మగారూ, అప్పట్లో మేం తెనాలి కింద ఉండేవాళ్ళం అన్నారు. తెనాలి వచ్చాను. మన ఇంటికి రెండు వీధుల అవతలే! జిల్లాలు విడదీశారు గదండీ, అవన్నీ బాపట్ల పంపేశాం అన్నారు. బాపట్ల వెళ్ళాను. "జిల్లా మారింది గదా మామ్మగారూ, మీకు ఏ జిల్లా కావాలి?" అన్నాడు ఒకాయన. "మా అన్న పోయినప్పుడు ఒకటే జిల్లా బాబూ, ఆయనకి ఇవేం తెలియవు" అన్నాను. ఆయన నవ్వి కుర్చీ వేశాడు. మంచివాడు.

"ఎప్పుడు పోయారండీ?"

"అది అడగడానికే వచ్చాను బాబూ."

వెనక గదిలో కూర్చోబెట్టారు. కలరా ఉండల వాసన. ఊరి మునసబులు రాసి పంపిన చావుల పుస్తకాలు, ముట్టుకుంటే అప్పడాల్లా విరుగుతాయి. వేలు పెట్టి కోటయ్యల్ని వెతుక్కుంటూ కూర్చున్నాను. ఎంతమంది కోటయ్యలే! ఒకాయన పాము కరిచి, ఒకాయన కామెర్లతో, ఒకాయనకి జబ్బు పేరు రాసే చోట "ముసలితనం" అని రాశారు, అంతే. మధ్యలో "ఆడ శిశువు", "మగ శిశువు", పేర్లు పెట్టేలోపే పోయినవాళ్ళు. నా చదువు నిదానం గదా, ఒక్కొక్కరి దగ్గరా కాసేపు కూర్చుని పలకరించి వచ్చినట్టే ఉండేది. ఇంతమంది పోయారా, అందర్నీ ఎవరో ఓపిగ్గా రాశారా అని నాకు ఆశ్చర్యం.

అలా పొద్దునే బస్సెక్కడం, సాయంత్రం దీవి వెళ్ళి "ఇవాళ లేడు వదినా" అనడం. "ఎక్కడికి పోతాడు, చూడు" అనేది ఆవిడ.

ఒకరోజు ఆ ఆఫీసులో పనిచేసే అమ్మాయి, నీ ఈడే ఉంటుంది, క్యారియర్ విప్పుకుంటూ, "ఎవరి కోసం మామ్మగారూ?" అంది. చెప్పాను. సముద్రంలో పోయాడని కూడా చెప్పాను. ఆ పిల్ల ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగింది. "మరి కోటయ్య అని వెతుకుతారేంటండీ? కొట్టుకొచ్చిన మనిషి పేరు ఎవరికి చెబుతాడు? పేరు తెలియనివాళ్ళని వెనక పేజీల్లో రాసేవాళ్ళు" అంది.

ముందున్న పుస్తకం మూసేశానే. ఎందుకంటావా? మా ఒడ్డుకి కొట్టుకొచ్చినవాళ్ళు లేరా? నా చిన్నప్పుడు మా నాన్నే ఎన్నిసార్లో ఈడ్చుకొచ్చి, మంచినీళ్ళతో కడిగి, గుడ్డ కప్పి, మునసబుకి కబురు పెట్టి ఇసకలో పూడ్చాడు. "ఎవరి బిడ్డో పాపం" అని వచ్చి అన్నం తినేవాడు. అదంతా చూసిన దాన్నే. ఆ వచ్చినవాళ్ళు ఎవరో పరాయివాళ్ళు, మావాడు మాత్రం ఎక్కడ తేలినా కోటయ్యే అనుకున్నాం. నేనూ మా వదినా, వసారాలో పెద్దలూ, అందరం. ఒక్కరికి కూడా తట్టలేదు.

ఆ అమ్మాయి చెయ్యి కడుక్కొచ్చి నా పక్కన కూర్చుంది. వెనక పేజీల్లో దొరికాడు. కర్లపాలెం అవతల, సముద్రం వైపు. నాకు నోటికొచ్చు, విను: "గుర్తు తెలియని మగ శవము. మొలతాడుకు చిల్లు కానీలు రెండు. కొత్త వస్త్రము కప్పి, సరుగుడు తోట ప్రక్క ఇసుక దిబ్బయందు పూడ్చిపెట్టబడినది." అంతే. కింద ఒక వేలిముద్ర. పూడ్చినవాడిది కాబోలు.

ఆ పిల్ల జిరాక్సు తీసిచ్చింది. బస్సులో దాన్ని జాకెట్లో పెట్టుకు కూర్చున్నాను, పక్కావిడ నిజాంపట్నం వెళ్తున్నావా అంటే అవునన్నానో కాదన్నానో.

ఎండ వాలేటప్పటికి దీవి చేరాను. కాళ్ళు కడుక్కొస్తానన్నాను. "కడుక్కో. ఇన్నేళ్ళు ఆగాను, కాళ్ళు కడుక్కునేదాకా ఆగలేనా" అంది. నా నడక విని కనిపెట్టేసింది మరి.

వేలు పెట్టి చదివాను. చిల్లు కానీల దగ్గరికొచ్చేసరికి నవ్వింది. "సిగ్గు, తీసేస్తానని నెత్తీనోరూ కొట్టుకునేవాడు. చూశావా, తియ్యలేదు" అంది. మళ్ళీ చదవమంది. "కొత్త గుడ్డ అనే రాశారా?"

"కొత్తదే వదినా."

"ఎవరు కప్పారో, వాళ్ళ కడుపు చల్లగుండ."

కాసేపటికి దిండు కింద తడిమి కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది. "గుమ్మంలో బొట్టు పెట్టి నన్ను లోపలికి రానిచ్చింది నువ్వు. తీసేదీ నువ్వే. ఆ వసారాలో వాళ్ళు కాదు" అంది.

కొంగు తడిపాను. చెయ్యి నుదుటిదాకా వెళ్ళి అక్కడే ఆగిపోయిందే! మీ తాతయ్య పోయినప్పుడు నాది తీసేవాళ్ళు నన్ను అడగలేదు, ఇట్టే తీసేశారు. అడిగి తీయించుకునే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

తెల్లారేసరికి మా వదిన లేదు. నిద్రలోనే.

పెద్దలొచ్చారు. "ఏమ్మా, సంగతి తేలిందా?" అన్నారు. తేలిందన్నాను. "మరి ఎలా పంపుదాం?" పసుపు, కుంకుమ, పూలు, ఎర్రంచు చీర అన్నాను. "అయితే దొరకలేదన్నమాట." దొరికాడు అన్నాను. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అప్పుడు మా వదిన నాతో అన్న మాట చెప్పాను. ఒకాయన లేచి, పూలు తెస్తానని సైకిలెక్కాడు.

నువ్వేంటే, అలా చూస్తున్నావు? అబద్ధం చెప్పాననుకున్నావా? తడి కొంగు పట్టుకుని నేను అలా నిలబడే ఉన్నాను గదా, మా వదిన నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. దించి, ఇలా అంది:

"ఇవాళొద్దులే. రేప్పొద్దున తీద్దువుగాని. అన్నేళ్ళు అక్కడ పడుకున్నోడు, ఒక్క పూట ఆగలేడా?"