అడగని అవసరం

అది 2006. మైదుకూరులోని తమ బట్టల అంగట్లో, హైదరాబాదు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు తమ్ముడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల సంఘం పత్రికలో అచ్చయిన తన వ్యాసాన్ని అక్కకు చూపించాడు.

“‘వాడేవాళ్ల అవసరాలు తెలుసుకోవడం ఎలా’! పేరు బలే పెట్టినావు. మనంగడికి ప్రోగ్రాం రాసేటప్పుడు ఎవుర్ని అడిగినావురా?”

“నాయన్ని అడిగినానక్కా. ఆ ప్రోగ్రాం గురించే దీంట్లో రాసినా.”

“నాయన మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉండాడు. అంగట్లో కూచునేది నేను. నన్నడిగినావా?”

“నీకు కంప్యూటర్ తెలీదు గదా అని...”

“నాకు గిరాకీ తెలుసు. ఆడోళ్లు చీరలు ఇంటికి తీస్కపోయి, అత్తకు చూపించి, నచ్చింది ఉంచుకోని తక్కినవి తెచ్చిస్తారు. బిల్లు కొట్టందే చీర బయటికి పోగూడదంట నీ కంప్యూటరుకు! కుదరదని చెప్పి చెప్పి పాత గిరాకీనంతా ఎదురంగడికి తోలినా. నువ్వేమో శానా బాగా పనిచేస్తాండాదని రాసుకుంటివి.”

అంతలో ఒకావిడ వచ్చింది. మూడు చీరలు ఇంట్లో చూపించి తెస్తానంది.

“చెప్పు, కుదరదని నువ్వే చెప్పు ఆయమ్మకు.”

తమ్ముడు లేచాడు. చీరలు సంచిలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

“ఏమిరా, నీ కంప్యూటర్ ఒప్పుకోదు గదా?”

“నేను ఒప్పుకుంటాండా అక్కా.”