ఎలిజబెత్ గారి అరగంట

1991 ఆగస్టు 12వ తేదీ సోమవారం నాడు తాడేపల్లిగూడెంలోని ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరి, ముప్ఫై నాలుగు సంవత్సరాలు రోగుల సేవకే అంకితమైన శ్రీమతి ఎలిజబెత్ గారు, 2025 అక్టోబరు 31న ఏలూరులోని మా ఉపశమన సేవా కేంద్రం నుండి పదవీ విరమణ చేస్తున్నారు. మా కేంద్రం పత్రిక ఈ సంచికలో వారిని గురించి వ్యాసం రాయమని నాకు చెప్పినవారు తొందరపడ్డారనే నా అభిప్రాయం. మందుల గదిలో పదిహేనేళ్ళుగా కూర్చున్న నాకు మాత్రలు లెక్కపెట్టడం వచ్చు గాని మనుషులను పొగడటం రాదు. అయినా వారితో కలిసి గడిపిన ఒక మధ్యాహ్నం గురించి చెప్పకుండా వారిని సాగనంపలేను.

మొదటి పద్దెనిమిదేళ్ళు ఎలిజబెత్ గారు ప్రసూతి వార్డులో పనిచేశారు. ఇక నయం కాదని వైద్యులు తేల్చిన రోగులకు ఇంటివద్దనే నొప్పి తగ్గించే మా కేంద్రంలో 2009లో చేరారు. అది మొదలు ద్వారకా తిరుమల చుట్టుపక్కల మెట్ట గ్రామాల నుండి కొల్లేటి లంకల దాకా వారు వెళ్ళని ఊరు లేదు.

రోగిని పరీక్షించడం పూర్తయ్యాక, అతనికి సేవ చేస్తున్న ఇంటి మనిషిని పక్కకు పిలిచి, "మీరు అన్నం ఎప్పుడు తిన్నారండీ? దేవుడి దగ్గర ఎప్పుడు కూర్చున్నారు?" అని అడగడం వారి పద్ధతి. ఏ దేవుడైనా వారికి ఒకటే. రోజుకు అరగంట ప్రార్థనకో పూజకో కూర్చోవాలి, మధ్యలో లేవకూడదు, ఆ అరగంటా రోగి దగ్గర మరొకరు ఉండాలి. "ఆ దేవుడి మీద కోపంగా ఉందండీ" అని ఒకాయన అంటే, "అయితే కూర్చుని తిట్టుకోండి, కానీ లేవకండి" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నాకు దేవుడి మీద అంత పట్టింపు లేదు.

2019 సెప్టెంబరులో కొల్లేటి లంక గ్రామంలో పాండురంగారావు గారనే క్యాన్సరు రోగిని చూడటానికి వెళ్ళాం. ఆయన భార్య నాగరత్నం గారు ఎనిమిది నెలలుగా నిద్రాహారాలు మానుకుని సేవ చేస్తున్నారు. దీపం ముందు కూర్చోగానే భర్త పిలిచినట్టనిపించి లేచి వచ్చేసేవారట. "ఆయన దగ్గర నేనుంటానండీ. ఏం వినబడినా లేవకండి" అని ఎలిజబెత్ గారు ఆమెను దేవుడి గదిలోకి పంపారు. నేను వరండాలో మందులు సర్దుకుంటున్నాను.

పాండురంగారావు గారు మాట్లాడక అప్పటికి మూడు రోజులైంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి, చేపల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. గట్టు మీది కొంగలు కూడా కదలడం మానేశాయి. అప్పుడు ఎలిజబెత్ గారి గొంతు వినబడింది.

"ఆఁ, ఉన్నానండీ. ఇక్కడే ఉన్నాను."

కిటికీలోంచి చూశాను. వారు చెరువు వైపు తెరిచి ఉన్న పెరటి గుమ్మాన్ని చూస్తున్నారు. అక్కడ ఎవరూ లేరు. మంచం మీద పాండురంగారావు గారి ఊపిరి ఆగిపోయింది.

అరగంట పూర్తయ్యాక నాగరత్నం గారు వచ్చి చూశారు. "నన్ను పిలిచారండీ. రెండుసార్లు పిలిచారు. మీరు లేవద్దన్నారని లేవలేదు" అన్నారు. ఆ ముఖం చూస్తే ఈవిడ ఇక బతకరనిపించింది. నేనైతే అదంతా మీ భ్రమ అనేవాణ్ణి.

"పిలిచారమ్మా, నేనూ విన్నాను. మీ బదులు నేను పలికాను" అన్నారు ఎలిజబెత్ గారు.

"పలికారా?"

"పలికాను."

నాగరత్నం గారు నేల మీద కూలబడి, అప్పటికి ఏడవగలిగారు.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో, "నాకేమీ వినబడలేదండీ" అన్నాను. "వినకపోవడమే మంచిది. పేరు పెట్టి స్పష్టంగా పిలిచారండీ. కానీ మంచం మీంచి కాదు" అన్నారు. రోజూ భోజనం తరువాత బైబిలు పట్టుకుని అరగంట కూర్చునే ఆ మనిషి, మర్నాటి నుండి కూర్చోవడం మానేశారు. ఎందుకని నేను అడగలేదు. అడగవలసింది.

ఈ ఫిబ్రవరిలో వారి భర్త, విశ్రాంత ఉపాధ్యాయులు ఇస్సాకు గారికి అదే వ్యాధి అని తెలిసింది. ఈ సంగతి రాయవచ్చా అంటే, "రాయండి హేమంతు గారూ, దాచేదేముంది" అని ఆయనే అన్నారు. ఎలిజబెత్ గారు సగమైపోయారు. ఒకరోజు నా కిటికీ దగ్గర నిలబడి, "ఊరందరికీ చెప్పాను గానీ నేను కళ్ళు మూసుకోలేకపోతున్నానండీ. మూసుకుంటే పెరట్లోంచి పిలుస్తారేమోనని భయం" అన్నారు. నా దగ్గరున్న ఏ మందూ దానికి పనికిరాదు. చాలా బాధ కలిగింది. నాగరత్నం గారికి ఫోన్ చేశాను.

పోయిన ఆదివారం ఆమె లంక నుండి రెండు బస్సులు మారి తాడేపల్లిగూడెంలోని ఎలిజబెత్ గారి ఇంటికి వచ్చారు. నిద్రపోతున్న ఇస్సాకు గారి మంచం పక్కన కుర్చీ వేసుకుని, "లోపలికెళ్ళి ప్రార్థన చేసుకోండమ్మా. పిలిస్తే నేను పలుకుతానండీ" అన్నారు. ఎలిజబెత్ గారు చాలాసేపు తటపటాయించి, చివరకు లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నాగరత్నం గారు అరగంటసేపూ పెరటి గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు. ఆమెకు తోడుగా వెళ్ళిన నేనూ అటు చూడకుండా ఉండలేకపోయాను. పిలుపేమీ రాలేదు. బయటికి వచ్చిన ఎలిజబెత్ గారు ఎన్నో నెలల తరువాత అన్నం అడిగి పెట్టించుకుని తిన్నారు.

ఇస్సాకు గారి శేష దినాలు నొప్పి లేకుండా ప్రశాంతంగా గడవాలనీ, ఎలిజబెత్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, నిర్మలమైన మనసుతో నిండు నూరేళ్ళు జీవించాలనీ మా కేంద్రం సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. ఆ కుర్చీలో కూర్చోవడానికి మేమంతా వంతులు వేసుకున్నాం. మంగళవారాలు నావి. నాకు భయంగానే ఉంది. ఎవరు పిలిచినా, ఎటునుంచి పిలిచినా పలుకుతాను. మీరు మాత్రం లేవకండి, ఎలిజబెత్ గారూ.

— హేమంత్‌కుమార్, ఫార్మసిస్టు