తెల్లకోటు

ఉద్యోగం మాట చెప్పగానే అశోక్‌నగర్‌లో రెండిళ్లవాళ్లు అతనికి గది లేదన్నారు. మూడో ఇంటి ఓనరమ్మకూ అతను నిజమే చెప్పాడు.

“ఎయిడ్స్ టీకాను మనుషులకు ఇచ్చే ముందు ల్యాబ్‌ల కోతులకిచ్చి చూస్తమమ్మా.”

“అయ్యో, ఆ రోగం ఇంట్లకు తెస్తవా ఏంది?”

“కోతుల వైరస్ వేరేనమ్మా. మేం మస్తు జాగ్రత్తగుంటం.”

“కోతులు నిన్ను కరవవా?”

“సూదులిచ్చేది నేనే. నా తెల్లకోటు చూస్తెనే బోను మూలకు ఉరుకుతయి.”

ఓనరమ్మ డాబా వైపు చూసింది.

“ఆ కోటు ఇంటికి తెస్తవా?”

ఈ గదీ పోయిందనుకున్నాడతను.

“లేదమ్మా, ఒట్టు! అక్కడనే ఇడిచొస్త.”

“గట్లయితే గది లేదు బిడ్డా. డాబా మీద నా వడియాలు ఒక్కటి మిగులుతలేదు, కోతులు ఎత్తుకపోతున్నయి. కొత్త కోటొకటి కొని, పక్కన దండెం మీద ఆరేస్తవా? అయితే రేపే సామాన్లు తెచ్చుకో.”