హీటర్ ఎందుకు ఆగలేదో చెబుతున్నాను

నా పేరు కొమ్మినేని అనురాధ. వయసు ముప్పై తొమ్మిది. ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలో ఉంటాను. ఒక మందుల షాపులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఈరోజు 2025 మార్చి 28, శుక్రవారం. మధ్యాహ్నం రెండూ పదికి డిటెక్టివ్ గారి ఎదుట కూర్చుని ఇది చెబుతున్నాను. నాకు ఇంగ్లిష్ వచ్చు. అయినా తెలుగులోనే చెబుతానని అడిగాను. ఆ ఇంట్లో మాటలన్నీ తెలుగులోనే జరిగాయి. ఇంటర్‌ప్రెటర్ సంహిత గారు నా పక్కన ఉన్నారు.

ఫిబ్రవరి 9న నేను మీకు చెప్పిన దాంట్లో ఒక అబద్ధం ఉంది. బేస్‌మెంట్‌లో అలారం ఎవరు తీశారో తెలియదన్నాను. నాకు తెలుసు.

చనిపోయిన స్మృతి నా సొంత చెల్లెలు. ఇరవై ఆరేళ్లు. నాకంటే పదమూడేళ్లు చిన్నది. దానికి జడలు వేసింది నేను, సైకిల్ నేర్పింది నేను. ఒహాయోలో ఎంఎస్ పూర్తిచేసి, చదువయ్యాక కొంతకాలం పని చేసుకోనిచ్చే ఓపీటీ మీద ఉద్యోగం వెతుక్కుంటూ నవంబర్ మొదట్లో మా ఇంటికి వచ్చింది. బేస్‌మెంట్ గది ఇచ్చాం. ఇల్లంతా వేడిచేసే ఫర్నేస్ వేడి ఆ గదికి సరిగా చేరదు.

నవంబర్ 30, శనివారం, నా భర్త శేషగిరి ఆ గది గోడకి గ్యాస్ హీటర్ బిగించాడు. వెంట్‌లెస్ రకం. దానికి పొగగొట్టం ఉండదు, మండినప్పుడు వచ్చేదంతా గదిలోనే ఉండిపోతుంది. ఉన్న వేడికి తోడుగా కాసేపు మాత్రమే వాడాలని, కిటికీ కొంచెం తెరిచి ఉంచాలని, ఈ సైజుది పడకగదిలో పెట్టకూడదని దాని పుస్తకంలో ఉంది. నేను చదివి వినిపించాను. "కేసులకి భయపడి కంపెనీ వాళ్లు అన్నీ రాస్తారు" అన్నాడు.

డిసెంబర్‌లో ఆ గది కిటికీకి లోపలి వైపు నీళ్లు కారేవి. స్మృతి రోజూ పొద్దున టవల్‌తో తుడిచేది. తలనొప్పి అనేది. హీటర్ దానంతట అదే ఆరిపోతోందని కూడా చెప్పింది. గదిలో ఆక్సిజన్ తగ్గితే మంట ఆర్పేసే భాగం ఒకటి అందులో ఉంటుంది. డిసెంబర్ 21, శనివారం, ఉదయం పదకొండుకి శేషగిరి మూత తీసి ఆ భాగం పనిచేయకుండా చేశాడు. స్మృతే ఫోన్ లైట్ పట్టుకుంది.

"బావగారూ, ఆరిపోవడం దాని పనేమో కదా?" అని అడిగింది.

"అది మరీ సెన్సిటివ్‌గా ఉందమ్మా. ఇక నిన్ను చలిలో వదిలేయదు" అన్నాడు.

తర్వాత చలిగాలి రాకుండా కిటికీ అంతా ప్లాస్టిక్ షీటు పరిచి టేపు వేశాడు. నేను మెట్ల మీద ఉన్నాను. చూశాను. ఏమీ అనలేదు.

జనవరి 18, శనివారం, సాయంత్రం నాలుగింటికి బేస్‌మెంట్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం, గదిలో ఆ విషవాయువు చేరితే మోగేది, మోగింది. ఆపితే మళ్లీ మోగింది. శేషగిరి దాన్ని గోడ నుంచి పీకి గరాజ్‌లో రెండో డ్రాయర్లో, డ్రిల్ పెట్టె కింద పెట్టాడు. పాతదైపోయిందన్నాడు. నేను చూశాను. ఏమీ అనలేదు. సోమవారం నేను షాపులో ఉండగా స్మృతి ఫోన్ చేసింది. "అక్కా, కొత్త అలారం ఒకటి కొందామా?" అంది. "బావ తెస్తాడులే" అన్నాను. అతను తేలేదు. నేనూ తేలేదు. నేను పనిచేసే షాపులోనే, మూడో వరసలో, అవి అమ్ముతారు. ఇది కూడా రాయండి.

ఫిబ్రవరి 9, ఆదివారం. ఉదయం తొమ్మిదీ ఇరవైకి నేను, శేషగిరి గుడికి బయల్దేరాం. మర్నాడు ఇంటర్వ్యూ ఉందని స్మృతి రాలేదు. పదకొండూ నలభై రెండుకి మెసేజ్ పెట్టింది: "అక్కా తలనొప్పి, కాసేపు పడుకుంటా." మాత్ర వేసుకోమని జవాబిచ్చాను. ఎన్ని వేసుకోవాలో కూడా రాశాను.

రెండూ ముప్పై అయిదుకి ఇంటికొచ్చాం. కింద తలుపు మూసి ఉంది. హీటర్ మండుతోంది. స్మృతి మంచానికీ తలుపుకీ మధ్య నేల మీద పడి ఉంది. ఒక కాలికే సాక్స్ ఉంది. చెంపలు గులాబీ రంగులో ఉన్నాయి, నిద్రపోయి లేచిన పిల్లలా. లాప్‌టాప్ తెరిచి ఉంది. తన గురించి తను చెప్పుకునే జవాబు నాలుగు వాక్యాలు టైప్ చేసుకుంది. అయిదోది సగంలో ఉంది.

రెండూ ముప్పై ఎనిమిదికి 911కి ఫోన్ చేశాను. స్పీకర్‌లో వాళ్లు లెక్కపెడుతుంటే స్మృతి గుండె మీద నొక్కుతున్నాను. ఆ సమయంలో శేషగిరి కిటికీ మీది ప్లాస్టిక్ చింపి, కిటికీ తెరిచి, ఆ ప్లాస్టిక్‌ని బయటికి తీసుకెళ్లి రీసైక్లింగ్ డబ్బాలో వేశాడు. చూశాను. ఏమీ అనలేదు. అంటే లెక్క తప్పుతుందని.

స్మృతి పోయిందని డాక్టర్లు చెప్పాక, హాస్పిటల్ పార్కింగ్‌లో అతను నాతో అన్న మాటలు ఇవి: "అలారం తనే తీసిందని చెబుదాం. పోయిన మనిషి మీద ఏ కేసూ పెట్టరు. మన గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది, గుర్తు పెట్టుకో." ఆ సాయంత్రమే నేను మీకు తెలియదని చెప్పాను.

సోమవారం డబ్బాలోంచి ఆ ప్లాస్టిక్ తీసి దాచాను. ఎందుకు దాచానో అప్పటికి నాకూ తెలియదు.

ఫిబ్రవరి 22, శనివారం, మా ఇంట్లో సంతాపానికి ముప్పై మంది దాకా వచ్చారు. ఒంగోలు నుంచి మా అమ్మ కనకదుర్గ వీడియో కాల్‌లో ఉంది. శేషగిరి అందరి ముందూ ఆమెతో, "చదువుకి అడ్డమని అలారం తనే పీకేసింది అత్తయ్యా. పిల్లకి జాగ్రత్త తక్కువ" అన్నాడు. మా అమ్మ నమ్మింది. "చిన్నప్పట్నుంచీ అంతేనయ్యా, చెప్పిన మాట వినేది కాదు" అని ఏడ్చింది. కన్నతల్లి చేత చచ్చిపోయిన కూతుర్ని తిట్టించాడు. నేను అందరికీ టీ కప్పులు అందిస్తున్నాను. అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఫిబ్రవరి 9న ఫైర్ వాళ్లు గ్యాస్ ఆపేసి, హీటర్ వాడకూడదని ట్యాగ్ కట్టి వెళ్లాక, హీటర్ ఊడదీసి పారేస్తానని శేషగిరి మూడుసార్లు అన్నాడు. "స్మృతి గదిలో ఏదీ కదపకండి" అన్నాను. దుఃఖం అనుకున్నాడు. అనుకోనిచ్చాను. వంట చేశాను. పక్కన కూర్చుని తిన్నాను. అయిదు వారాలు.

మార్చి 25, మంగళవారం, సాయంత్రం ఆరింటికి అతను మీకు ఇవ్వాల్సిన స్టేట్‌మెంట్ డైనింగ్ టేబుల్ మీద టైప్ చేశాడు. హీటర్ లోపల తను ముట్టుకోలేదని, కిటికీకి ఏమీ వేయలేదని, అలారం స్మృతి తీసిందని రాశాడు. ఒకసారి చూసిపెట్టమన్నాడు. చూశాను. ఒక స్పెల్లింగ్, ఒక తేదీ తప్పున్నాయి. ఆ రెండూ దిద్దాను. అబద్ధాలు దిద్దలేదు. అతను సంతకం పెట్టి మర్నాడు మీకిచ్చేదాకా ఆగాను. నేను ముందే వస్తే, ఆరోజు కంగారులో ఏదో అన్నానని అతను తప్పించుకునేవాడు. ఇప్పుడు అలా అనలేడు. తీరిగ్గా కూర్చుని, నా చేత దిద్దించుకుని, సంతకం పెట్టాడు.

గరాజ్ డ్రాయర్లోంచి తీసిన అలారం, ప్లాస్టిక్ షీటు ఈ సంచిలో ఉన్నాయి. హీటర్ ఇంకా గోడకే ఉంది, మూత తీసి చూసుకోండి. నా మీద కూడా కేసు రావచ్చని, లాయర్‌ని పిలుచుకోవచ్చని మీరు రెండుసార్లు చెప్పారు. విన్నాను. వద్దన్నాను. నాకు పడాల్సింది నాకు పడనివ్వండి. అతనికి పడాల్సింది మాత్రం ఒక్క రోజు కూడా తగ్గకూడదు.

నన్ను ఇక్కడికి డ్రైవ్ చేసి తీసుకొచ్చింది అతనే. తన మాటే నేనూ చెప్పి సంతకం పెట్టడానికి వచ్చానని అతని నమ్మకం. దిగుతుంటే, "తడబడకు అనూ, నెమ్మదిగా చెప్పు" అన్నాడు. నేను తడబడలేదు. ఈ కిటికీలోంచి అతని కారు కనిపిస్తోంది. మీరు అతన్ని లోపలికి పిలిచి ఇది చదివి వినిపించేటప్పుడు నేను ఈ కుర్చీలోనే ఉండాలని కోరుతున్నాను. వీలుకాదంటే తలుపు దగ్గర నిలబడతాను. ఒక్క మాట కూడా అనను. అతని ముఖం చూడాలి.

పైన రాసిందంతా సంహిత గారు నాకు మొదటి నుంచి చదివి వినిపించారు. ఇందులో కలిపింది లేదు, దాచింది లేదు. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. ఇదంతా నిజమని ఒప్పుకుని, నా ఇష్టంతో సంతకం చేస్తున్నాను.

(సంతకం) కొమ్మినేని అనురాధ
మధ్యాహ్నం 3:25