సగంలో సగం

వయనాడ్‌లో టీచర్ ట్రైనింగ్ హాస్టల్. జెస్నా బట్టలు సర్దుకుంటుంటే, తను అక్కలా 'చేచీ' అని పిలిచే పక్క గది రమణి వచ్చింది.

"ఎక్కడికే?"

"ఇంటికి, చేచీ. భిన్నాల పాఠంలో తడబడ్డాను. పిల్లలు నవ్వారు, నేను ఏడ్చాను. నేనిక టీచర్ని కాలేను."

"నీ బ్లాగులో చదివాను. బోర్డు మీద గీతల బదులు, మధ్యమధ్య కొబ్బరి పొరలుండే పొడవాటి బియ్యప్పిండి పుట్టు తెచ్చి ముక్కలు చేయాల్సిందని రాశావుగా? ఇవాళ నా క్లాసుకి పుట్టు పట్టుకెళ్లాను."

"ఏమైంది?"

"ఎప్పుడూ నోరు విప్పని సుల్ఫత్ లేచి, 'సగంలో సగమంటే పావే కదా టీచర్' అంది."

జెస్నా చేతిలోని చీర పక్కన పెట్టింది.

"నేనూ ఎన్నోసార్లు తడబడ్డాను, ఒక్కరికీ చెప్పలేదు. నీకంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందే?"

"చెప్పుకోడానికి ఎవరూ లేక రాశాను, చేచీ."

"కామెంట్లు చూడు. రేపు మన బ్యాచంతా క్లాసుకి పుట్టు తీసుకెళ్తోంది."

జెస్నా ఫోన్ చూస్తూ మంచం మీద కూర్చుంది.

"కొబ్బరి పొర దగ్గరే విరవమని చెప్పు చేచీ. లేకపోతే ముక్కలు సమానంగా రావు."